ఆర్‌.ఈ.ఎం. ఏ సంకలనంతోని మొదలువెట్టాలె?

హన్మకొండ పోరడు:
అన్నలూ, నేను రోజూ బస్సుల కరీంనగర్ పోయొస్త. అమెరికా రాక్ బ్యాండు ఆర్.ఈ.ఎం. పాట 'లూజింగ్ మై రిలీజియన్' వారం సంది అదే పనిగ వింటున్న. ఆ మాండలిన్ చెవులల్ల నుంచి పోతలేదు. వీళ్లవి బెస్ట్ ఆఫ్ ఆల్బమ్‌లు నాలుగు కనవడ్డయి. ఏది ముందు వినాలె?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, 2011ల వచ్చిన 'పార్ట్ లైస్, పార్ట్ హార్ట్, పార్ట్ ట్రూత్, పార్ట్ గార్బేజ్' విను. 40 పాటలు. ముందటి రికార్డు కంపెనీ ఐ.ఆర్.ఎస్. రోజులు, తర్వాతి కంపెనీ వార్నర్ రోజులు ఒక్కకాడ దొరికేది అండ్లనే. అదే ఏడాది సెప్టెంబర్ల బ్యాండు విడిపోయింది.

నా పానం మాత్రం 2003 నాటి 'ఇన్ టైమ్' మీదనే. డిగ్రీల ఉన్నప్పుడు దోస్తు దగ్గర సీడీ అడుక్కొచ్చుకున్న, గీతలు వడి 'ఎవ్రీబడీ హర్ట్స్' నడిమిట్ల ఆగేది. మళ్ల మొదటి నుంచి పెట్టేటోన్ని. 1997ల డ్రమ్మర్ బిల్ బెరీ పోయినంక వచ్చిన 'డేస్లీపర్' కూడ అండ్లనే ఉంటది. ముగ్గురే మిగిలిన బ్యాండు ఎంత నెమ్మదైందో ఆ పాటల తెలుస్తది.

సుబేదారి:
నేను ఒప్పుకోను. ముందు 1988 నాటి 'ఎపోనిమస్' వినాలె. 12 పాటలే. 'రేడియో ఫ్రీ యూరప్' 1981ల చిన్న లేబుల్ మీద సింగిల్‌గ వచ్చినప్పటి రూపం అండ్లున్నది. పాటగాడు స్టైప్ మాటలు సగం సమజ్ కావు, అయినా గిటార్ గుంజుకపోతది. 2006ల వచ్చిన సంకలనం 'అండ్ ఐ ఫీల్ ఫైన్' కూడ ఆ ఐ.ఆర్.ఎస్. కాలందే, అది తర్వాత చూస్కో.

హన్మకొండ పోరడు:
సరే అన్నా, రేపు పొద్దుగాల 'ఎపోనిమస్' పెడ్త. హుజూరాబాద్ వచ్చేలోపు అయిపోతది.