సమస్య: "కన్ను పెద్దదైన కానరాదు"

ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా. ఇది నా కడుపుమంటలోంచి పుట్టింది. ఎనిమిదేళ్లుగా నా దగ్గరున్నది 8 అంగుళాల అద్దం టెలిస్కోపు. పోయిన అమావాస్యకి అనంతగిరి కొండల మీదికి మా బావమరిది 72 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్, అంటే కటకాల టెలిస్కోపు తెచ్చాడు. అరచేతిలో ఇమిడే గాజు. నేను మోకాళ్ల మీద కూర్చుని, లేజర్ పెట్టి అద్దాలు సరిచేసుకుంటూ ఉండగానే వాడు గొట్టం బిగించి, ఫోకస్ చేసి, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు. వాడి ఫొటో చూశాక రాత్రంతా ఈ పాదమే నోట్లో నానింది. షరతు ఒక్కటే, పూరణలో టెలిస్కోపు ఉండాలి.

చుక్కలపిచ్చోడు:

అద్ద మింత కదల నన్ని చుక్కలు తోక
చుక్కలగును మబ్బు చుట్టినట్టు
బోల్టు తిప్పి తిప్పి పొద్దు పోయెను గాని
కన్ను పెద్దదైన కానరాదు

పృచ్ఛకుడు: తోకని ఒక పాదంలో, చుక్కని ఇంకో పాదంలో పెట్టి తోకచుక్క చేయడం భలే ఉంది. 'మబ్బు చుట్టినట్టు' మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. ఇంకో మాట, ఎఫ్/5 అద్దాన్ని, అంటే తన వెడల్పుకి ఐదు రెట్ల దూరంలో బొమ్మ కట్టే అద్దాన్ని, ఎంత సరిగ్గా కూర్చినా ఫొటో మూలల్లో చుక్కలకి తోకలొస్తాయి. అది కోమా, పరావలయపు అద్దానికి పుట్టుకతో ఉన్న గుణం. బోల్టు తిప్పితే పోదు, కరెక్టర్ అనే కటకం పెట్టాల్సిందే.

చుక్కలపిచ్చోడు: కరెక్టర్ ధర విన్నాకే పద్యంతో సరిపెట్టుకున్నా గురువుగారూ.

గోదారిగట్టు:

ఆరు చందమామ లంత గెలాక్సికి
చూపు నిడుపు హెచ్చి చోటు లేదు
నడుమ బొట్టు దొరికె నలుదిక్కు లంచులు
కన్ను పెద్దదైన కానరాదు

పృచ్ఛకుడు: ఇది నా కథే అమ్మా! దేవయాని గెలాక్సీ ఆకాశంలో దాదాపు 3 డిగ్రీల పొడవు. నా గొట్టం ఫోకల్ లెంగ్త్ (బొమ్మ కట్టే దూరం) 1000 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ సైజు సెన్సారున్న కెమెరాలో పట్టేది 1.3 డిగ్రీలే. బావమరిది 432 మిల్లీమీటర్ల గొట్టంలో అదే కెమెరాకి 3 డిగ్రీల పైన వస్తుంది, ఐమూలగా తిప్పితే ఇంకాస్త. ఫోకల్ లెంగ్త్‌కి 'చూపు నిడుపు' అన్న మాట నేను దాచుకుంటున్నా. అయితే 'అంచులు కానరాదు' అనకూడదు, కానరావు అనాలి. 'నడుమ బొట్టు దొరికె నాల్గు వైపుల యంచు' అంటే గణాలూ సరి, వచనమూ సరి.

పాతకెమెరా:

ఎనిమిదంగుళాల యెన్నిక కటకమ్ము
ఆకసమ్ము నెల్ల నచ్చు దీసె
నేడు నగరమందు నింగి వెల్తురు పాలు
కన్ను పెద్దదైన కానరాదు

నిజామియా అబ్జర్వేటరీలో వాడిన 8 అంగుళాల కుక్ కంపెనీ ఆస్ట్రోగ్రాఫ్ (ఆకాశాన్ని ఫొటో తీసే టెలిస్కోపు) గురించి. అదీ కటకాలదే.

పృచ్ఛకుడు: హైదరాబాదుని గుర్తుచేశావు, సంతోషం. 'ఎన్నిక కటకమ్ము' అనగానే మాత్రం వేలికి సిరా చుక్క పెట్టినట్టనిపించింది. 'ఆకసమ్ము నెల్ల' అనడం మరీ అతిశయోక్తి. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నప్పుడు నిజామియాకి మొదట వచ్చిన వంతు ఆకాశ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ముక్క.

గాజుపురుగు:

చిన్ని గాజు కన్ను చెప్పినంతనె చూపె
వేటగాని నడుము వెన్నెల వలె
మూల కూరుచున్న ముసలి యద్దపు బాధ
కన్ను పెద్దదైన కానరాదు

చుక్కలపిచ్చోడు: మూడో పాదం దగ్గర గొంతు పట్టేసింది అన్నా. కానీ వేటగాడి (ఓరియన్) నడుములో ఆల్నిటాక్ అనే చుక్క చుట్టూ ఊదారంగు వలయం రాలేదా? మామూలు రెండు గాజుల కటకమైతే వచ్చి తీరుతుంది.

గాజుపురుగు: నాది రంగులు విడిపోకుండా చూసే ఈడీ గ్లాసు తమ్ముడూ, కనపడీ కనపడనట్టుంది. మూలల్లో చుక్కలు కోడిగుడ్లలా సాగాయి, మూలలు సరిచేసే ఫ్లాట్నర్ కటకం పెట్టి, కెమెరాని దానికి 55 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాక గుండ్రబడ్డాయి. ఒక్కటే వెలితి. నీ అద్దం ఫొటోల్లో చుక్కలకి నాలుగు ముళ్లు ఉంటాయే, అవి లేకపోతే ఉప్పు వేయని పప్పులా ఉంది.

పృచ్ఛకుడు: 'చెప్పినంతనె' అన్నది అబద్ధం, మూడు గంటల ఎక్స్‌పోజర్ కలిపావని నువ్వే చెప్పావు. అయినా ఈసారి నా ఓటు దీనికే. కానరానిది చుక్క కాదు, అద్దం బాధ అనడంతో సమస్య విడిపోయింది. ముసలిదన్నందుకు మాత్రం నా అద్దం తరఫున అభ్యంతరం: 72 మిల్లీమీటర్ల గాజు కన్నా అది దాదాపు 8 రెట్లు వెలుతురు పడుతుంది. నెబ్యులా (చుక్కల మధ్య వాయుమేఘం) లాంటి పరుచుకున్న వాటికి ఎఫ్ సంఖ్య ముఖ్యం కాబట్టి అక్కడ తేడా ఒకటిన్నర రెట్లు కూడా లేదు, ఒప్పుకుంటా. బృహస్పతి పట్టీలు తీసే రోజున ఎవరు మూల కూర్చుంటారో చూద్దాం.

గోదారిగట్టు: అమ్మేస్తారా గురువుగారూ? మా తమ్ముడు అడుగుతున్నాడు.

పృచ్ఛకుడు: అమ్మను. బావమరిది గొట్టం మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది, వాడు అడగలేదు, నేను గుర్తుచేయలేదు.

వచ్చే అమావాస్యకి ఆటవెలదే: "మంచు కురియు రాత్రి మంట పుట్టె". డ్యూ హీటర్ (గాజు మీద మంచు పట్టకుండా వేడిచేసే పట్టీ) వైరు కాల్చుకున్నవాళ్లు ముందుగా రాయండి.