రాలిపోయే పొర పిండానికి ఎందుకు? పెరిడెర్మ్ పని పోషణా, కాపుదలా?

సూక్ష్మదర్శిని:
పిండచర్మం పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసులో వాదన ఇక్కడే మొదలవుతుంది. మనిషి పిండానికి తొలుత చర్మమంటే ఒకే వరుస కణాలు. రెండో నెలలో దాని మీద పలచటి మరో పొర పరుచుకుంటుంది. అదే పెరిడెర్మ్. ఐదో నెల దాటాక కొద్దికొద్దిగా రాలి ఉమ్మనీటిలో కలుస్తుంది. పుట్టిన బిడ్డ ఒంటిమీది తెల్లటి జిడ్డు పూతలో దాని అవశేషాలు కూడా ఉంటాయి.

నా ఓటు పోషణకే. 1975లో హోల్‌బ్రుక్, ఓడ్లండ్ ప్రచురించిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు చూడండి. మూడో నెల దాటేసరికి కణం నడుమ బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బు నిండా సన్నటి నూగు. పేగు లోపలి గోడకూ అలాంటి నూగే ఉంటుంది. ఉమ్మనీటితో ఇచ్చిపుచ్చుకోవడానికి కాకపోతే అంత ఉపరితలం దేనికి?

మొర్రి వార్డు:
నూగు ఉన్నంత మాత్రాన పీల్చుకుంటుందని ఎలా అంటాం సార్? ఆకారం చూసి పని ఊహించడమే అది. జన్యువులు చెప్పేది వేరు. పెరిడెర్మ్ సరిగా ఏర్పడాలంటే ఐఆర్ఎఫ్6 అనే జన్యువు కావాలి. వాన్ డెర్ వూడ్ సిండ్రోము అనే పుట్టుకతో వచ్చే జబ్బుకు ఆ జన్యువులో లోపమే కారణమని 2002లో తేలింది. ఈ పిల్లల కింది పెదవి మీద, నడిమి గీతకు అటొకటి ఇటొకటి చిన్న గుంటలుంటాయి. చాలామందికి గ్రహణం మొర్రి కూడా. (గ్రహణం నాడు బయట తిరిగావంటూ తల్లిని సాధించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంగతి మొదలుపెడితే ఈ చర్చ తెమలదు.) అదే జన్యువులో మరికొన్ని మార్పులు వస్తే మోకాలి వెనక చర్మం రెక్కలా సాగి పట్టేస్తుంది, వేళ్లు కలిసిపోతాయి, కనురెప్పల మధ్య పోగులు పడతాయి. ఎలుకలో ఆ జన్యువు రెండు ప్రతులూ (తల్లి నుంచి వచ్చినది, తండ్రి నుంచి వచ్చినది) చెడితే నోరు మూసుకుపోయి, కాళ్లు ఒంటికి అంటుకుపోయి పుడుతుంది, బతకదు. పక్కపక్కనున్న అవయవాలు అతుక్కుపోకుండా ఆపడమే ఈ పొర పని.

సూక్ష్మదర్శిని:
ఆ ఎలుకల్లో పెరిడెర్మ్ ఒక్కటే చెడిందా? కింది చర్మకణాలు కూడా పరిణతి చెందక అదుపు లేకుండా పెరుగుతాయి కదా. రెండు పొరలూ దెబ్బతిన్నచోట నేరం ఒకదాని మీదే ఎలా మోపుతారు?

మొర్రి వార్డు:
న్యాయమైన ప్రశ్నే. అయితే ఒక ప్రతి మాత్రమే చెడిన ఎలుకను చూడండి. చర్మం మామూలుగానే ఉంటుంది, నోటి లోపల మాత్రం అతుకులు పడతాయి. మరో మాట. ఈ కణాల్లో అతుక్కునే ప్రొటీన్లు పక్కలకూ అడుగుకూ పరిమితం, పైముఖాన ఉండవు.

ఇక అంగిలి సంగతి. రెండు పలకలు నాలుక పైన ఎదురెదురుగా వచ్చి కలవాలి. కలిసే అంచుల మీది పెరిడెర్మ్ సరిగ్గా అప్పుడే తప్పుకుంటుంది. టీజీఎఫ్ బీటా 3 అనే, కణాలకు సంకేతాలిచ్చే ప్రొటీన్ లేని ఎలుకలో ఆ కణాలు కదలవు, అంగిలి చీలికగానే మిగులుతుంది. అతుకును ఆపే పొర కాకపోతే అక్కడ అడ్డు తొలగాల్సిన పనేముంది?

చేపల తొట్టి:
మనిషి, ఎలుక దాటి బయటికి రండి. జీబ్రా చేప గుడ్డు నీళ్లలోనే పెరుగుతుంది, దానికి ఉమ్మనీరే లేదు. అయినా ఫలదీకరణ జరిగిన కొద్ది గంటలకే పైపొర సిద్ధం. తల్లి నుంచి గుడ్డుకు అందాల్సిన ఐఆర్ఎఫ్6 లోపిస్తే పిండం తొలిరోజే పగిలిపోతుంది. అంటే లోపలి కణాలను కట్టి ఉంచడమే పాత పని. మీ ఇద్దరి వాదనలూ ఆ తర్వాతివే.

సూక్ష్మదర్శిని:
చేపను సాక్ష్యానికి పిలిస్తే ఒప్పుకోను. అక్కడ ఆ పొర మూడు జనన పొరలు (అవయవాలన్నిటికీ మూలమైన తొలి కణపొరలు) ఏర్పడకముందే విడిపోతుంది. ఎలుకలో ఆ మూడింటిలో బయటిదైన బాహ్యత్వచం నుంచి ఆ తర్వాతెప్పుడో పుడుతుంది. పుట్టుకలు వేరు.

చేపల తొట్టి:
పుట్టుకలు వేరే, కానీ పనిముట్లు అవే. ఐఆర్ఎఫ్6, జీఆర్‌హెచ్ఎల్3 అనే మరో జన్యువు రెండు చోట్లా పనిచేస్తాయి. ఇదంతా కాకతాళీయమంటే నేను నమ్మను.

నెలతక్కువ:
నవజాత శిశువుల విభాగంలో చూసేది చెబుతాను. 23, 24 వారాలకే పుట్టిన బిడ్డ చర్మం ఎర్రగా, తడిగా, జిగటగా ఉంటుంది. గట్టిపడే పైపొర ఇంకా ఏర్పడలేదు కనుక ఒంట్లోని నీరు నేరుగా ఆవిరైపోతుంది. తేమ నిండిన ఇంక్యుబేటరులో పెడితే తప్ప నిలవదు. అంటే అప్పటిదాకా చర్మం గుండా నీరు అటూ ఇటూ దాటుతున్నట్టే కదా. సూక్ష్మదర్శిని గారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం.

మొర్రి వార్డు:
దాటుతుంది, కాదనను అండీ. అయితే నీరు దానంతటది దాటడం వేరు, పొర పనిగట్టుకుని దాటించడం వేరు. ఆ రెండోది జరుగుతోందని కొలిచి చూపించండి, ఓటు మార్చుకుంటాను.