అప్‌డేట్: మెగ్నీషియం కేసింగ్‌కి అల్యూమినియం బ్రాకెట్ - వెల్డింగ్ నిలవలేదు, ఎపాక్సీ నిలిచింది

పర్లాకిమిడి నుంచి మళ్లీ నేనే. జీడితోటల్లో వాడే బ్రష్ కట్టర్ (కలుపు కోసే మెషీన్) మెగ్నీషియం కేసింగ్‌కి అల్యూమినియం బ్రాకెట్ టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు రక్షణలో కరెంటు ఆర్క్‌తో చేసేది) చేస్తే చల్లారేలోపే పగులుతోంది, ఏ ఫిల్లర్ రాడ్ (అతుకులో కరిగించి నింపే కడ్డీ) వాడాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్సండీ.

విరిగిన ముక్క బరంపురంలో ఒక వెల్డింగ్ ఇంజినీరు గారికి చూపించాను. కాస్త కూడా వంగకుండా, అతుకు వెంబడే గాజు పగిలినట్టు విడిపోయింది. అల్యూమినియం 660, మెగ్నీషియం 650 డిగ్రీలకు కరుగుతాయి. రెండూ కలిసి కరిగితే మాత్రం మధ్యలో చాలా పెళుసైన సమ్మేళనాలు ఏర్పడతాయి, పగులు అక్కడే. కాబట్టి రాడ్ మార్చడం, ప్రీహీట్ (ముందే వేడిచేయడం), ఆర్గాన్ సిలిండర్ మార్చడం, ఇవేవీ మన సమస్యను తీర్చవు. ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ (లోహాన్ని కరిగించకుండా రాపిడి వేడితో మెత్తబరిచి కలిపేది) సలహా మంచిదే, కానీ ఆ మెషీన్ చిన్న షాపుల్లో దొరకదు.

పనిచేసింది ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), బోల్టు కలిపి వాడమన్న సలహా. రెండు ముఖాలూ ఎమరీతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, వేలు తగలనివ్వకుండా వెంటనే స్ట్రక్చరల్ ఎపాక్సీ రాశాం. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది, సన్నని పొర మిగలాలి. స్టీలు బోల్టు నేరుగా తగిలితే వానతడికి మెగ్నీషియమే తుప్పుపట్టి తరిగిపోతుంది, అందుకని నైలాన్ బుష్ (బోల్టు చుట్టూ తొడిగే గొట్టం), అల్యూమినియం వాషర్ వేశాం. వానాకాలమంతా తోటలో తిరిగింది, అతుకు కదల్లేదు.

ఎమరీ పట్టేటప్పుడు రాలే మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్లు అసలు పొయ్యొద్దు, పొడి ఇసుకే. సైలెన్సర్ పక్క భాగాలకు ఈ పద్ధతి వద్దు, వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది.