కొల్లేటిని ఏళ్ల తరబడి ఒకే చోటు నుంచి ఫొటో తీసేవారికి ఒక ప్రశ్న

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లే దారిలో ఒక గట్టు మీద నిలబడి, ఒకే దృశ్యాన్ని కాలం మారినప్పుడల్లా ఫొటో తీస్తున్నాను. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కనుచూపు మేర నీరే ఉంటుంది. ఎండాకాలంలో అదే చోట నెర్రెలిచ్చిన ఒండ్రు, ఎండిన తుంగ మిగులుతాయి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు పొందిన, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను తొలగించిన ఈ సరస్సులోని మార్పును సర్వే పటంలా కాకుండా కళగా చూపాలన్నది నా ఉద్దేశం.

లెన్సునూ, ట్రైపాడ్ ఎత్తునూ మార్చడం లేదు. అయితే వానలకు గట్టు కుంగుతోంది, ఆనవాలుగా పెట్టుకున్న కరెంటు స్తంభం ఏటికేడు వాలిపోతోంది. ఇటువంటప్పుడు పాత ఫ్రేముతో కొత్తదాన్ని సరిపోల్చడానికి మీరు దేన్ని ఆధారంగా తీసుకుంటారు?

వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరాలో రంగుల ఛాయను సరిచూసే అమరికను) పగటి వెలుతురు వద్దే స్థిరంగా ఉంచడం వల్ల మంచు కురిసే ఉదయాల నీలిఛాయ దక్కుతోంది గానీ, సాయంత్రపు ఫొటోలు మరీ పసుపెక్కుతున్నాయి. వాటిని అలాగే వదిలేయాలా, తరువాత సరిచేయాలా? ప్రదర్శనలో తేదీల వరుస నాకు (నిజం చెప్పాలంటే) విసుగనిపిస్తోంది. నీటిమట్టాన్ని బట్టి ఫొటోలను పేర్చితే చూసేవారికి కాలగతి అర్థమవుతుందా? ఇటువంటి పని చేసినవారు దయచేసి వివరించగలరు.