టాబ్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకుంటోంది, హార్డ్‌డిస్క్ మాత్రం టిక్ టిక్ మని ఆగిపోతోంది

పాఠాల_టాబ్:
నమస్తే అండీ. నాది 10 అంగుళాల ఆండ్రాయిడ్ టాబ్, ఉన్నది ఒక్కటే టైప్-సీ పోర్ట్. చిన్న ఓటీజీ అడాప్టర్ (టాబ్‌కి కీబోర్డ్, పెన్‌డ్రైవ్ లాంటివి కలిపేది) తగిలిస్తే కీబోర్డ్, 32 జీబీ పెన్‌డ్రైవ్ వెంటనే పనిచేస్తున్నాయి. 1 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ పెడితే మాత్రం లైటు వెలుగుతుంది, రెండు మూడు సార్లు టిక్ మంటుంది, ఆగిపోతుంది. అదే డిస్క్ ల్యాప్‌టాప్‌కి పెడితే ఏ ఇబ్బందీ లేదు. కీబోర్డ్, డిస్క్, ఛార్జర్ మూడూ ఒకేసారి ఉండాలంటే ఏం కొనాలి? మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత టాబ్ కూడా ఒకటుంది. దానికి మౌస్ కూడా పట్టుకోదు, ఎందుకంటారు?

తీగల_పని:
మీ డిస్క్ పాడవలేదండీ, దానికి కరెంటు చాలట్లేదు. 2.5 అంగుళాల డిస్క్‌లో పళ్లెం తిరగడం మొదలయ్యే ఆ ఒకటి రెండు సెకన్లు సుమారు 1 ఆంపియర్ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. డిస్క్ అంతకంటే ఎక్కువ లాగేసరికి వోల్టేజీ పడిపోతుంది, డేటా చదివే హెడ్ వెనక్కి వెళ్లి పార్క్ అవుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. మీకు వినిపించే టిక్ అదే. కీబోర్డ్‌కి 100 మిల్లీఆంపియర్లు కూడా అక్కర్లేదు కాబట్టి దానికి ఈ గొడవ లేదు. ఆ టిక్ వస్తుంటే పదే పదే పెట్టి చూడకండి, వెంటనే తీసేయండి. హెడ్‌కి మంచిది కాదు.

కావలసింది సొంత అడాప్టర్ ఉన్న పవర్డ్ హబ్, అంటే ఒక పోర్ట్‌ని చాలా పోర్టులు చేసి, కరెంటు విడిగా తీసుకునేది. అడాప్టర్ 5 వోల్టులు, కనీసం 2 ఆంపియర్లు ఉండాలి. ముందు హబ్‌కి కరెంటు పెట్టండి, తర్వాత హబ్‌ని టాబ్‌కి, చివర్లో డిస్క్‌ని హబ్‌కి.

పాత టాబ్ సంగతి వేరు. మైక్రో యూఎస్‌బీలో అయిదు పిన్నులుంటాయి. నాలుగోది ఐడీ పిన్ను, ఓటీజీ కేబుల్ లోపల అది గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. అది చూసే టాబ్ "ఇక్కడ నేనే హోస్ట్ (కంప్యూటర్ పాత్ర నాది), కరెంటు నేనే ఇవ్వాలి" అని నిర్ణయించుకుంటుంది. మామూలు కేబుల్‌కి ఆడ-మగ కన్వర్టర్ తగిలిస్తే ఆ పిన్ను ఖాళీగా ఉంటుంది కాబట్టి టాబ్‌కి ఏమీ తెలియదు.

ఆప్టికల్ మౌస్‌తోనే దోషం ఎక్కడుందో పట్టుకోవచ్చు. అడుగున ఎర్ర లైటు అసలు వెలగకపోతే హోస్ట్ మోడ్ మొదలవలేదు: కేబుల్ తేడా, లేదా ఆ టాబ్‌కి ఓటీజీ లేదు. లైటు వెలిగి బాణం గుర్తు కదలకపోతే కరెంటు వస్తోంది, డేటా తీగలు కలవట్లేదు. చవక అడాప్టర్లలో ఇది తరచూ ఉంటుంది.

సికింద్రాబాద్_వైర్:
పైన చెప్పినవాటికి తోడు సెట్టింగ్స్ కూడా చూడండి. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ మోడళ్లలో ఓటీజీకి వేరే స్విచ్ ఉంటుంది, వాడకుండా 10 నిమిషాలు వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. "నిన్న పనిచేసింది, ఇవాళ లేదు" అంటే ముందు చూడాల్సింది అదే. సెట్టింగ్స్‌లో పైన ఓటీజీ అని వెతికితే దొరుకుతుంది.

హబ్ కొనకుండా తాత్కాలికంగా కావాలంటే వై కేబుల్ ఉంది. ఒక తల ఓటీజీకి, ఇంకో తల పవర్‌బ్యాంక్‌కి.

తీగల_పని:
వై కేబుల్ నేను సిఫారసు చేయను బ్రదర్. అందులో రెండు తలల 5 వోల్టుల తీగ లోపల ఒకటే, అంటే పవర్‌బ్యాంక్ కరెంటు నేరుగా టాబ్ పోర్ట్ మీదకి వస్తుంది. కొన్ని టాబ్‌లు తట్టుకుంటాయి, కొన్ని హోస్ట్ మోడ్ వదిలేస్తాయి. పైగా డిస్క్ నిద్రలోకి వెళ్లి కరెంటు తక్కువ లాగితే పవర్‌బ్యాంక్ తనంతట తానే ఆగిపోతుంది, కాపీ మధ్యలో తెగుతుంది. పాఠాలు, ఫొటోలు ఉన్న డిస్క్‌తో ఆ సాహసం వద్దు.

సీ_పోర్ట్:
ఛార్జింగ్ సంగతి నేను చెప్తాను. మైక్రో యూఎస్‌బీ టాబ్‌లో ఓటీజీ, ఛార్జింగ్ రెండూ ఒకేసారి సాధారణంగా కుదరవు, ఎందుకో పైన ఐడీ పిన్ను దగ్గర ఉంది. టైప్-సీలో కుదురుతుంది, కానీ పైన చెప్పిన 5 వోల్టుల అడాప్టర్ హబ్ చాలదు, హబ్ మీద పీడీ (పవర్ డెలివరీ అనే ఛార్జింగ్ పద్ధతి) అని రాసిన సీ సాకెట్ ఉండాలి, టాబ్ కూడా పవర్ డెలివరీ ఒప్పుకోవాలి. టాబ్ స్పెసిఫికేషన్‌లో పీడీ మాట లేకపోతే ముందు కొట్లోనే పెట్టి చూసి కొనండి. సీటీసీ (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్) లాంటి చోట తగిలించి చూపిస్తారు. ఛార్జర్ కాస్త పెద్దది తీసుకోండి, హబ్ తన కోసం కొంత వాటేజీ ఉంచుకుంటుంది. 45 వాట్లది అయితే మీ మూడింటికీ సరిపోతుంది.

ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: కాపీ నడుస్తుండగా ఛార్జర్ పెట్టకండి, తీయకండి. ఆ క్షణంలో కరెంటు ఎవరు ఎవరికి ఇవ్వాలో టాబ్, హబ్ మళ్లీ మాట్లాడుకుంటాయి. చాలా హబ్‌లలో అన్ని పోర్టులూ ఒక సెకను ఆగి మళ్లీ లేస్తాయి. కీబోర్డ్‌కి అది తెలియదు, కాపీ అవుతున్న ఫైల్ మాత్రం పాడవుతుంది.

హబ్ వచ్చి డిస్క్ తిరగడం మొదలయ్యాక ఇంకో చిక్కు రావచ్చు. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో (విండోస్ వాడే ఫైళ్ల అమరిక) ఉంటే చాలా టాబ్‌లు "ఈ డ్రైవ్ సపోర్ట్ లేదు" అని నోటిఫికేషన్ చూపిస్తాయి. దాన్ని నొక్కితే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. నొక్కకండి, డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది! ముందు ల్యాప్‌టాప్‌లో డేటా వేరే చోటికి కాపీ చేసుకుని, అక్కడే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌కి మార్చండి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌ని ఎక్కడైనా చదువుతుంది కానీ 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు, వీడియో పాఠాలకి పనికిరాదు. ఎక్స్‌ఫ్యాట్ ఆండ్రాయిడ్‌కి పునాది అయిన లైనక్స్ కెర్నెల్‌లో నేరుగా చేరింది 2020లో, 5.7 వెర్షన్‌తో. అంతకు ముందు కెర్నెల్ ఉన్న టాబ్‌లలో కంపెనీ విడిగా పెట్టి ఉంటేనే చదువుతుంది. డిస్క్ మార్చే ముందు పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ చేసి పెట్టి చూడండి, రెండు నిమిషాల పని.

పాఠాల_టాబ్:
చాలా థాంక్స్ అండీ. ఇంకొక్క సందేహం. హబ్ మీద హెచ్‌డీఎంఐ కూడా ఉంటే ప్రొజెక్టర్‌కి పెట్టుకోవచ్చా? వైర్‌లెస్ మౌస్ డాంగిల్ కూడా అదే హబ్‌కి పెట్టేయొచ్చు కదా?

సీ_పోర్ట్:
హబ్‌కి హెచ్‌డీఎంఐ ఉన్నంత మాత్రాన రాదండీ. టాబ్ పోర్ట్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (సీ పోర్ట్ గుండా బొమ్మ పంపే వీలు) ఉండాలి. తక్కువ ధర టాబ్‌లలో సాకెట్ ఆకారం సీ అయినా లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి, బొమ్మ వెళ్లే దారి ఉండదు. టాబ్ స్పెసిఫికేషన్‌లో ఆ మాట లేకపోతే హెచ్‌డీఎంఐ హబ్‌కి అదనంగా డబ్బు పెట్టకండి.

తీగల_పని:
డాంగిల్ పెట్టొచ్చు, కానీ డిస్క్ పక్క పోర్ట్‌లో వద్దు. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా వస్తుంది, డాంగిల్ మాట్లాడేది కూడా అక్కడే. కాపీ మొదలవగానే బాణం గుర్తు తడబడుతూ కదిలితే కారణం అదే. డాంగిల్‌ని హబ్ అవతలి చివర పెట్టండి, లేదా ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి దూరం జరపండి. డిస్క్‌కి మాత్రం ఎక్స్‌టెన్షన్ వద్దు, సన్న తీగలో వోల్టేజీ పడిపోయి మళ్లీ అదే టిక్ మొదలవుతుంది. పని అయ్యాక నోటిఫికేషన్‌లో ఎజెక్ట్ నొక్కి, డిస్క్ తిరగడం ఆగాకే తీయండి.