డీటీఐ స్కాన్‌లో ఎఫ్ఏ తగ్గిందన్నారు, ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి?

మా తమ్ముడు బైక్ మీద నుంచి పడి ఏడు నెలలైంది. మామూలు ఎంఆర్ఐ బాగానే ఉందన్నారు కానీ, వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయి, ఏం చేస్తున్నాడో మర్చిపోయి నా వైపు చూస్తాడు. ఇప్పుడు డీటీఐ (మెదడులో నీటి కదలికను బట్టి నరాల పోగుల్ని చూసే ఒక రకం ఎంఆర్ఐ) తీస్తే కార్పస్ కలోసంలో (మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్ట) ఎఫ్ఏ అనే కొలత 0.52 వచ్చింది. నీటి కదలిక నరాల పోగుల వెంట ఒకే దారిలో ఉంటే ఆ విలువ 1 వైపు, అన్ని వైపులా ఉంటే 0 వైపు వెళ్తుందని చదివాను. మెషీన్ మారితే అంకె కూడా మారుతుందట. మరి ఈ ఒక్క అంకెతో దెబ్బ ఎంతో చెప్పొచ్చా? అదే మెషీన్‌లో కొన్నాళ్ళకి మళ్ళీ తీయించి పోల్చుకున్నవాళ్ళు ఉన్నారా? రేడియాలజీ తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, అమ్మ రోజూ అడుగుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.