పేలుతున్న నక్షత్రం ఫొటో హాల్లో పెట్టుకుంటే తప్పా?

లేతనీలం: కొత్త ఫ్లాట్లో సోఫా వెనక గోడ బోసిగా ఉంది. హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఈటా కరీనే అనే నక్షత్రం ఫొటోను నాలుగడుగుల వెడల్పున ప్రింట్ వేయిద్దామని నా ఆశ. మావారు వద్దంటున్నారు. "అవి ఫొటోలే కాదు, కంప్యూటర్లో రంగులు పూసినవి. అంత డబ్బు పెట్టేటట్టయితే మంచి పెయింటింగే కొందాం" అంటారు. మా అత్తయ్యగారిది ఇంకో గొడవ: పేలిపోయేదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకోవడం అని. మీరేమంటారు?

గోడమీదపిల్లి: మీవారి మాటే నా మాట. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన డబ్ల్యూఆర్ 124 అనే నక్షత్రం ఫొటో 2023 మార్చిలో వచ్చింది కదా, అదంతా పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి. మనకు కనిపించే రంగు అందులో ఒక్కటీ లేదు. నక్షత్రం పక్కకెళ్లి నిలబడి చూసినా ఆ ఊదా, నారింజ మెరుపులు కనబడవు. అందంగా ఉందని పెట్టుకోండి, కాదనను. వచ్చినవాళ్లకు "విశ్వం ఇలా ఉంటుంది" అని మాత్రం చెప్పకండి.

రేచుక్క: అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ? వి838 మోనోసెరోటిస్ అనే నక్షత్రం సంగతి వేరు. 2002 జనవరిలో అది ఉన్నట్టుండి భగ్గుమంది. ఆ తర్వాత హబుల్ దాన్ని నీలం నుంచి పరారుణం అంచు దాకా, ఒక్కో రంగు కాంతినే లోపలికి వదిలే ఫిల్టర్లతో తీసింది. మన కంటి పరిధికి దగ్గరే. మధ్యలో ఎర్రగా ఉన్నది ఎవరో పూసింది కాదు, ఆ నక్షత్రమే ఎర్రగా మారింది. వెబ్ ఫొటోల్లో కూడా పొడుగు తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం ఇస్తారు. వరస తప్పరు. ఎక్స్‌రే ఫిల్మ్ నలుపు తెలుపుల్లో ఉందని ఎముక అబద్ధమవుతుందా?

గోడమీదపిల్లి: ఎక్స్‌రేను ఎవరూ సోఫా వెనక తగిలించరుగా :) అసలు వి838 ఫొటోనే ఎక్కువ మోసం చేస్తుంది. 2002 మే నుంచి డిసెంబరు దాకా తీసినవి వరసగా పెట్టి చూడండి. వాయువు ఎగజిమ్మి ఉబ్బుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ ధూళి ముందు నుంచీ అక్కడే ఉంది. నక్షత్రం వెలుగు ఒక్కో పొరను తాకుతూ దూరం పోతుంటే, ఆ పొరలు మనకు ఒకదాని తర్వాత ఒకటి కనబడుతున్నాయి. గోడ మీద ఒక్క ఫొటో చూసినవాడు పేలుడు అనే అనుకుంటాడు.

రేచుక్క: అయితే ఒక్కటి కాదు, మూడు తగిలించండి. 2002 మే, 2002 డిసెంబరు, 2004 ఫిబ్రవరి. పక్కపక్కన పెడితే వెలుగు నడక కంటికి తెలుస్తుంది. ఏ పెయింటింగ్‌లో ఉంది ఆ సొగసు?

ఇక అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి. 1843లో ఆకాశంలో సిరియస్ నక్షత్రం తర్వాత అంత వెలిగింది ఈటా కరీనేయే. ఆ విస్ఫోటంలో కనీసం పది సూర్యుళ్లంత పదార్థం కక్కేసింది. అయినా బతికి బట్టకట్టింది! ఇంటికి ఇంతకన్నా శుభం ఏముంటుంది? ఏప్రిల్ మొదట్లో రాత్రి పది దాటాక, ఊరి దీపాలకు దూరంగా, బైనాక్యులర్స్‌తో దక్షిణం వైపు చూపించండి. హైదరాబాద్ అక్షాంశంలో దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

ప్రింటుపిచ్చి: రంగుల గొడవ మీరు తేల్చుకోండి. నాలుగడుగుల ఈటా కరీనే మాత్రం వద్దు. అది కక్కిన పదార్థపు రెండు బుడగలు ఆకాశంలో 18 ఆర్క్‌సెకన్లే (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). హబుల్ కెమెరాకు చిక్కేదే కొన్ని వందల పిక్సెళ్లు. మీకేమో 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) లెక్కన 48 అంగుళాలకు 7200 కావాలి. సాగదీస్తే నానిన అటుకుల్లా తేలుతుంది. అడుగున్నర చాలు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పట్టుకుని ఫ్లెక్సీ షాపుకు పోకండి. నాసా, ఈసా (ఐరోపా అంతరిక్ష సంస్థ) సైట్లలో పెద్ద ఫైలు ఉచితంగా దొరుకుతుంది. మ్యాట్ పేపర్ అడగండి. గ్లాసీ అయితే నల్లటి భాగమంతా ట్యూబ్‌లైటే కనబడుతుంది.

లేతనీలం: వి838 మూడు ఫొటోలకు ఓటేశాను. మావారు ఒక షరతు పెట్టారు: ఒక్కోదాని కింద తేదీ, ఫిల్టర్లు రాసిన చీటీ ఉండాలట.

గోడమీదపిల్లి: చీటీ ఉంటే నాకూ అభ్యంతరం లేదు. 2004 దాని కింద "ఇది పొగ కాదు" అని కూడా రాయించండి.